తెల్ల జిల్లేడుకు వంకాయ రంగు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో దేవుణ్ణి గడ్డపారతో తవ్వి తీసేవాళ్ళు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే తవ్వేవాళ్ళు. ఆదివారం నాడు పుష్యమి నక్షత్రం వచ్చిందంటే చాలు, తలంటు పోసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, ఒక చేత్తో కొబ్బరికాయ, ఇంకో చేత్తో గడ్డపార పట్టుకుని బయల్దేరేవాళ్ళు. తెల్ల జిల్లేడు వేరులో వినాయకుడి రూపం ఉంటుందని, ఆ వేరు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే కష్టాలు తీరిపోతాయని నమ్మకం. ఇన్నేళ్ళయినా ఈ సంగతి ఎత్తితే నా గొంతు దానంతటదే పెరుగుతుంది. మా పిల్లలు "అమ్మ మళ్ళీ మొదలెట్టింది" అని అటు తిరిగి కూర్చుంటారు. కూర్చోనీండి, నేను చెప్పేది చెప్తాను.

మాది మార్టూరు వైపు ఊరు. ఒక పక్క రాళ్ళ క్వారీలు, మిగతా అన్ని పక్కలా పత్తి, మిరప. చేలకు వెళ్ళే బండిదారిని మేము డొంక అంటాం. డొంకకు ఇరువైపులా నల్ల జిల్లేళ్ళు విచ్చలవిడిగా పెరిగి ఉండేవి. పేరుకే నల్ల జిల్లేడు, పువ్వు మాత్రం వంకాయ రంగులో ఉంటుంది. ఆ మొగ్గల్ని వేళ్ళ మధ్య పెట్టి టప్పుమని పేల్చడం మా పిల్లలందరికీ ఆట. పాలు కంట్లో పడతాయని పెద్దవాళ్ళు తిడుతూనే ఉండేవాళ్ళు, మేము పేలుస్తూనే ఉండేవాళ్ళం. తెల్ల జిల్లేడు మాత్రం అలా ఎక్కడబడితే అక్కడ కనిపించదు. డొంక మొత్తం మీద నాకు బాగా చిన్నప్పుడు నాలుగైదు పొదలు ఉండేవేమో. వంకాయ రంగు పూల మధ్య ఆ పొద ఒక్కటీ మీగడ రంగులో, గుత్తులు గుత్తులుగా, ఎండలో కూడా చల్లగా కనిపించేది. దానికి ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ కంచె కట్టలేదు. దాని మానాన అది బతికింది.

దాని మానాన దాన్ని బతకనిచ్చారా? పత్తి పంట మొత్తం పోయిన ఏడాది ఒకటి వచ్చింది. పచ్చపురుగు పడి కాయలన్నీ తొలిచేసింది. ఒక మందు కొడితే చావలేదు, రెండు మందులు కలిపి కొట్టినా చావలేదు. మా జిల్లాల్లో ఆ రోజులు చూసినవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ మందు చేలో కొట్టినవాళ్ళు కొట్టారు, ఇంట్లో తాగినవాళ్ళు తాగారు. అలాంటప్పుడు మనిషి దేన్నయినా పట్టుకుంటాడు. అది నాకూ తెలుసు. అందుకే మా వాళ్ళ మీద నాకు సగం కోపమే. మిగతా సగం బస్టాండు పక్కన గుడ్డ పరుచుకుని కూర్చుని జాతకాలు చెప్పిన ఆ పెద్దమనిషి మీద. వచ్చినవాడికల్లా ఒకటే మందు రాశాడు. తెల్ల జిల్లేడు వేరు తెచ్చి పసుపు రాసి పూజలో పెట్టు, నీ చేనుకు పురుగు రాదు, నీ ఇంటికి అప్పులవాడు రాడు, అన్నాడు. చెప్పేవాడికేం పోయింది? పోయింది జిల్లేళ్ళకు.

ఒక్కో పుష్యమి ఆదివారానికి ఒక్కో పొద లేచిపోయింది. పొదుండే చోట గుంత, గుంత పక్కన పగిలిన కొబ్బరిచిప్ప, చుట్టూ వాడిపోయిన పూలు, అంతే మిగిలేది. పన్నెండేళ్ళు పెరిగిన చెట్టు వేరులో రూపం వస్తుందని పాతకాలం వాళ్ళు అనేవాళ్ళు. వీళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? నిన్నగాక మొన్న మొలిచినదాన్ని కూడా వదల్లేదు. తవ్వాక వేరులో తొండం కనిపించకపోతే కత్తిపీట మీద పెట్టి చెక్కి మరీ తొండం తెప్పించారు. దేవుడికి ముక్కు చెక్కిన ఘనులు మా ఊరివాళ్ళు. మా బాబాయ్, అంటే మా నాన్న తమ్ముడు, ప్రతిసారీ ఆలస్యంగా వెళ్ళి, ఖాళీ గుంత చూసి, నోరు చప్పరించుకుంటూ తిరిగి వచ్చేవాడు. ఆయన పత్తి మొత్తం పోయింది. ఆ మరుసటి ఏడాది ఉన్న చేనంతా మిరప వేసి, దాని మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నాడు.

ఆ మిరప చేను గట్టు మూల రాళ్ళకుప్ప ఒకటి ఉండేది. దున్నేటప్పుడు తగిలిన రాళ్ళన్నీ అక్కడే వేసేవాళ్ళు. ఆ కుప్ప వెనక చివరి తెల్ల జిల్లేడు ఉందని కనిపెట్టింది మా పక్కింటి అక్క.

అక్కది మంగళగిరి. మగ్గాలకు నూలు రంగులద్దే ఇంటి పిల్ల. పెళ్ళయి మా పక్కింటికి వచ్చి అప్పటికి రెండేళ్ళో ఏమో. మిరపకాయలు కల్లంలో ఆరబోసే రోజుల్లో ఆ ఘాటుకు తుమ్మీ తుమ్మీ కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగేది. మా ఆడవాళ్ళు నవ్వితే, "మీ ఊళ్ళో గాలికి కూడా కారం ఎక్కువే" అనేది. మనిషి సన్నగా ఉండేది గానీ నోరు మాత్రం గట్టిది. శనివారం శనివారం ఆంజనేయస్వామికి తెల్ల జిల్లేడు దండ వేయడం వాళ్ళమ్మ దగ్గర అలవాటైందట. మా ఊరు వచ్చాక డొంక మీద ఒక్కో పొదా మాయమవుతుంటే దండ చిక్కిపోతూ వచ్చింది. ఆఖరికి పూల కోసం వెతుక్కుంటూ వెళ్ళి రాళ్ళకుప్ప వెనక దీన్ని చూసింది. అప్పుడే మొదటిసారి పూతకు వచ్చింది. నన్ను కూడా లాక్కెళ్ళి చూపించింది, ఎందుకంటే నేను ఎప్పుడూ ఆమె కొంగు పట్టుకునే తిరిగేదాన్ని. మా బాబాయికి కూడా చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది.

నేను అమాయకంగా, దండకు కోసుకుందామా అక్కా, అని అడిగాను. ఆమె నా వైపు ఒక చూపు చూసింది. "కోసుకుంటే గుళ్ళో దండ చూసి, ఈ పూలెక్కడివే అని అడగరూ? అడిగాక గడ్డపార పట్టుకుని రారూ?" అంది. ఆ వారం నుంచి స్వామికి దండ మానేసింది. పూజ మానడం తనకు ఎంత కష్టమో ఆ వయసులో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

కానీ పూలు కోయకపోయినా పొద తెల్లగా పూస్తూనే ఉంటుంది కదా. మిరప కోతలు మొదలైతే గట్ల మీద మనుషులే మనుషులు. అక్క రెండు రోజులు ఆలోచించి, పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప పెట్టె అడుగున వెతికి ఒక పొట్లం తీసింది. వాళ్ళ నాన్న నూలుకు వేసే వంకాయ రంగు. ఎందుకు తెచ్చుకుందో తనకే తెలియదట, పుట్టింటి వాసన అని తెచ్చుకుందేమో. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పుల్లకు దూది చుట్టి, మసక వెలుతురులోనే నన్ను లేపి చేనుకు తీసుకెళ్ళింది. తెల్ల జిల్లేడుకు నల్ల జిల్లేడు వేషం వేద్దామని ఆమె ఆలోచన.

మొదటి రోజు అంతా నవ్వులపాలైంది. జిల్లేడు పువ్వు మైనం పూసినట్టు ఉంటుంది. రంగు పెడితే చేమాకు మీద నీళ్ళలాగా జారిపోయింది. పూలు తెల్లగానే ఉన్నాయి, మా ఇద్దరి చేతులు వంకాయల్లా అయ్యాయి. అక్క కింద కూర్చుని తనను తానే తిట్టుకుంది. అప్పుడు నాకు మా నాన్న పత్తికి మందు కొట్టేటప్పుడు డబ్బాలో కలిపే జిగురు గుర్తొచ్చింది. మందు ఆకు మీద నుంచి జారకుండా ఆ జిగురు కలుపుతారు. పత్తి పోయాక ఆ సీసా గొడ్లచావిడిలో పడి ఉంది. మర్నాడు ఒక మూత పోసుకెళ్ళాను. రంగులో కలిపి పెడితే పట్టేసింది! అక్క నా బుగ్గలు గిల్లి, "నువ్వు మా మంగళగిరిలో పుట్టాల్సింది బుజ్జీ, రంగుల దొడ్లో మేస్త్రీవి అయ్యేదానివి" అంది. ఆ మాటకు నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఆ తరువాత అదొక పని అయిపోయింది మాకు. జిల్లేడు పువ్వు చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి రోజూ అక్కర్లేదు, కొత్తగా విచ్చుకున్నవాటికి అద్దితే సరిపోయేది. అక్క రేకులకు ముదురుగా, నడుమ కిరీటంలా ఉండేదానికి కాస్త లేతగా అద్దేది. అచ్చం నల్ల జిల్లేడు ఎలా ఉంటుందో అలా. పాలు తగిలి వేళ్ళు పొక్కితే కొబ్బరినూనె రాసుకుని ఊరుకునేది. ఎవరైనా చేతుల రంగు చూసి అడిగితే పాత చీరకు రంగు వేస్తున్నానని అబద్ధం చెప్పేది. ఎంత అందంగా చెప్పేదో! ఒకసారి మా బాబాయే గట్టు మీదుగా వస్తూ రాళ్ళకుప్ప దగ్గర ఆగాడు. ఇక్కడెక్కడో తెల్లది ఉందని మేకలకాపరి అన్నాడే, అని పొదను ఎగాదిగా చూశాడు. నేను రంగు చేతులు వెనక దాచుకున్నాను. అక్క మాత్రం చీపురుపుల్లలు ఏరుకుంటున్నట్టు నటిస్తూ, "ఇదేనా అన్నయ్యగారూ తెల్లది? మీ కళ్ళకు అద్దాలు పడాలి!" అంది. ఆయన సిగ్గుపడి, నల్లదేలే అమ్మాయ్, అనుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగాక మేమిద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాం. గెలిచేశామనుకున్నాం.

ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. ఈ భాగం చెప్పేటప్పుడు మా పిల్లలు కూడా ఇటు తిరుగుతారు.

జిల్లేడు మీద గొంగళి పురుగులు పెరుగుతాయి. నల్ల చారలు, పసుపు చారలు, చూడటానికి జాకెట్టు గుడ్డలాగా ఉంటాయి. జిల్లేడాకు తప్ప వేరే ఆకు జోలికి పోవు, పెరిగి నారింజ రంగు సీతాకోకచిలుకలు అవుతాయి. మా బడిపిల్లలందరికీ తెలుసు ఆ సంగతి, అగ్గిపెట్టెల్లో పెట్టి పెంచేవాళ్ళం కదా. పెద్దవాళ్ళు కూడా ఎన్నేళ్ళుగా చూస్తున్నారు వాటిని. కానీ పత్తి పోయాక మా వాళ్ళకు పురుగు అన్న మాట వింటేనే వణుకు. ఆ మార్గశిరంలో ఒక ఉదయం మా బాబాయ్ మిరపకు నీళ్ళు కట్టడానికి వెళ్ళి, రాళ్ళకుప్ప వెనక పొద నిండా చారల పురుగుల్ని చూశాడు. మిరప పూత మీద ఉంది. ఆ పురుగు ఇక తన చేలోకే దిగుతుందని ఆయనకు భయం పట్టుకుంది. వేటకొడవలి కోసం ఇంటికి పరిగెత్తాడు. దారిలో కనిపించిన ఇద్దరు ముగ్గుర్ని కూడా పిలుచుకున్నాడు.

సంగతి విని అక్కా నేనూ వెళ్ళేసరికి పొద సగం నేల మీద ఉంది. తెగిన చోటల్లా పాలు కారుతున్నాయి. అక్క పరిగెత్తుకెళ్ళి మా బాబాయ్ చెయ్యి పట్టుకుంది. పరాయి మగవాడి చెయ్యి పట్టుకోవడం మా ఊళ్ళో చిన్న విషయం కాదు. "ఆపండి అన్నయ్యగారూ, అది మిరపకు రాదు, ఆ పురుగు మిరపకు రాదు!" అని అరిచింది. ఆయన విదిలించుకున్నాడు. "నల్ల జిల్లేడు కోసం ఇంత గోలేంటమ్మాయ్! నా చేను పోతే నువ్వొచ్చి కడతావా?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. కలుపు మొక్క మీద ఇంత ప్రేమేమిటా అని నవ్వారు. రంగు వేసి మేమే దాన్ని కలుపు మొక్కను చేశామని ఆ నిమిషంలో నాకు అర్థమైంది. తెల్లగా ఉంటే దేవుడని తవ్వుతారు, నల్లగా ఉంటే పురుగుల పొదని నరుకుతారు. ఇక అది ఏ రంగులో బతకాలి? మీరే చెప్పండి.

ఆఖరి కొమ్మ పడ్డాక ఒకాయన కాలితో దాన్ని పక్కకు నెడుతూ ఆగిపోయాడు. కొమ్మ చివర మొగ్గల గుత్తి ఉంది. విచ్చుకోని మొగ్గలకు మేము రంగు వేయలేదు. చెప్పు కింద ఒక మొగ్గ టప్పుమని పేలి, లోపల రేకు పాలలాగా తెల్లగా కనిపించింది. ఆయన వంగి ఇంకొకటి చిదిమి చూశాడు. "ఒరేయ్, ఇది తెల్లదిరా!" అన్నాడు.

అయ్యో, ఎంత పని చేశాం, అంటారనుకున్నాను. వాళ్ళ మొహాలు చిన్నబోతాయని ఎదురుచూశాను. పిచ్చిదాన్ని! మొహాలు వెలిగిపోయాయి. మా బాబాయ్ కొడవలి కింద పడేసి, తన ఇంటికి పోయి గడ్డపార తీసుకురమ్మని ఒకణ్ణి పంపాడు. అది పుష్యమీ కాదు, ఆదివారమూ కాదు, కొబ్బరికాయా లేదు, తలంట్లూ లేవు. అప్పటిదాకా పురుగుల పొద, ఇప్పుడు వినాయకుడు. అక్క అడ్డంగా నిలబడి నానా మాటలూ అంది. మొదట్లో బతిమాలింది, తరువాత తిట్టింది. మీ కొంపలు కాల, బతికున్నప్పుడు పురుగన్నారు, చచ్చాక దేవుడంటారా, అంది. ఆమెను పక్కకు తప్పించి మొదలు చుట్టూ తవ్వారు. ఎవరి చేలో ఉందో వాడిదే వేరని మా బాబాయ్, మొగ్గ ముందు చూసింది నేనని ఆ మొగ్గ చిదిమినాయన, గడ్డపార తెచ్చింది నేనని ఇంకొకడు. లాగులాటలో గడ్డపార దెబ్బ అడ్డంగా పడి వేరు రెండు ముక్కలైంది. అందులో వినాయకుడూ లేడు, తొండమూ లేదు. మట్టి పట్టిన మామూలు జిల్లేడు వేరు. అయినా ముక్కల కోసం కొట్టుకున్నారు.

నేను ఏడుస్తూ రాయి తీశాను, మా బాబాయ్ మీద వేద్దామని. అబద్ధం చెప్పడమెందుకు, వేసేదాన్నే. అక్క నా చెయ్యి పట్టుకుని రాయి లాక్కుని పారేసింది. ఊరుకోమంటుందనుకున్నాను. అనలేదు. "వాళ్ళు వేరు చూస్తున్నారు, కొమ్మలు ఎవడూ చూడట్లేదు. ఏరు," అంది. నాకు అర్థం కాలేదు. ఆమె అప్పటికే చీర కుచ్చిళ్ళు దోపుకుని, నరికి పడేసిన కొమ్మల్లో ముదురువి ఏరి కొంగులో వేసుకుంటోంది. నేనూ నా గౌను ఒడి పట్టి ఏరాను. పాలు చేతుల నిండా కారాయి. మా వెనక ఆ మగవాళ్ళు ఒకళ్ళ గుడ్డలు ఒకళ్ళు పట్టుకుని తిట్టుకుంటూనే ఉన్నారు. మమ్మల్ని ఎవరూ చూడలేదు. ముఖ్యమైనది తమ చేతిలో ఉందనుకున్నారు మరి.

ఇంటికి వచ్చాక అక్క కొమ్మల్ని జానెడేసి ముక్కలు కోసి, పాలు ఆరేదాకా నీడలో పరిచింది. జిల్లేడు కొమ్మ నాటితే బతుకుతుందని అప్పుడే చెప్పింది. ముందే ఎందుకు నాటలేదు అక్కా, అని అడిగాను. ఆమె చేతిలో ముక్కను నీడలో సర్దింది. తరువాత, "దాచాలనే చూశానే గానీ పంచాలని తోచలేదే బుజ్జీ. ఊరంతా ఉంటే ఈ ఒక్కదాని మీద ఎవడు పడేవాడు?" అంది. అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు బుట్టలో కొమ్మలు పెట్టుకుని గడప గడపకూ తిరిగాం. వేరు తవ్వినవాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళింది. వెళ్ళి మెత్తగా మాట్లాడిందనుకుంటున్నారా? లేదు. ఒక్కో కొమ్మ చేతిలో పెట్టి, "వినాయకుడు కావాలన్నారుగా. ఇదిగో, ప్రాణంతో ఉన్నాడు, పెంచుకోండి" అని దులిపేసి వచ్చింది. కొందరు మొహమాటానికి తీసుకున్నారు. కొందరు ఇంటి ముందు జిల్లేడు మొలిస్తే కొంప పాడుబడుతుందని మొహం మీదే వద్దన్నారు. చచ్చిన వేరు పూజగదిలో ఉండొచ్చు, బతికిన మొక్క వాకిట్లో ఉండకూడదు. ఈ న్యాయం నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. తీసుకున్నవాటిలో కూడా సగం పేడకుప్పల్లో కనిపించాయి. మా కల్లం పక్కన నాటినదీ, అక్క వాళ్ళ దొడ్లో నాటినదీ, మరో రెండు మూడు ఇళ్ళవీ బతికాయి. రంగు వేయకుండా, అందరికీ కనపడేలా తెల్లగా పూశాయి. ఆ మొదటి పూలతో అక్క శనివారం దండ కట్టింది. గుళ్ళో ఎవరో, ఇవెక్కడివి, అని అడిగితే, "మీ ఇంటికి కొమ్మ ఇచ్చానుగా, పారేశారా?" అని నలుగురిలో నిలదీసింది.

మా బాబాయ్ తన వాటా వేరుముక్కను పసుపు రాసి దేవుడి అలమరలో పెట్టుకున్నాడు. రెండేళ్ళు తిరక్కుండా దానికి పుచ్చు పట్టి పొడి రాలింది. పురుగు రాకూడదని తెచ్చుకున్న దేవుడికే పురుగు పట్టింది. నాకు నవ్వు రాలేదు. ఆయన ఆ పొడిని కాగితంలో పోసుకుని, ఏం చెయ్యాలో తెలియక అరుగు మీద కూర్చోవడం చూశాను. పాపం అనిపించింది, కోపం మాత్రం పోలేదు. ఆ రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పుడే తెలిసింది నాకు.

అక్క వాళ్ళు తరువాత మంగళగిరి వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఫోను చేస్తే బాగున్నావా అని అడగదు, పూసిందా అని అడుగుతుంది. నాకూ జుట్టు నెరవడం మొదలైంది. మా కల్లం పక్కన పొద ఇప్పుడు నా కంటే ఎత్తు. చారల పురుగులు ఆకులు తినేస్తే మళ్ళీ చిగురిస్తుంది, సీతాకోకచిలుకలు ఎగురుతూనే ఉంటాయి, పక్కన మిరపకు ఇంతవరకు ఏమీ కాలేదు. ఈ మధ్య వీడియోల్లో చూశామంటూ కార్లలో వస్తున్నారు. బస్టాండు పెద్దమనిషి పోయాడు గానీ ఆయన మాట మాత్రం ఫోనుల్లోకి ఎక్కి కూర్చుంది. వేరు ఇస్తారా అమ్మా, ఎంతయినా ఇస్తాం, అంటారు. కొమ్మ ఇస్తాను, ఊరికే ఇస్తాను, ఎన్ని కావాలన్నా ఇస్తాను, అంటాను. మొహం ముడుచుకుని వెళ్ళేవాళ్ళే ఎక్కువ. తీసుకెళ్ళి నాటి, పూసిందని ఫోటో పంపేవాళ్ళూ ఒకరిద్దరు లేకపోలేదు.

మా బాబాయ్ పోయాక ఆయన సామానులో నాకేం కావాలని పిన్ని అడిగితే గడ్డపార అడిగాను. ఆ వేరును రెండు చేసింది ఆ గడ్డపారే. ఆడదానికి ఇదెందుకే అని నవ్వి ఇచ్చింది. ఇప్పుడది మా కల్లం గోడకు ఆనించి ఉంటుంది. వానలు పడగానే దాంతో డొంక పొడవునా చిన్న చిన్న గుంతలు తీసి తెల్ల జిల్లేడు కొమ్మలు పాతుతూ పోతాను. వేరు అడగడానికి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు నిలబడితే అదే గడ్డపార చేతిలోకి తీసుకుంటాను. గుంత తీయడానికేనండీ అంటాను గానీ, ఎవరూ నమ్మరు.